స్ఫటికంలోని లోపం చెప్పే అయస్కాంత సంగతులు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీద వచ్చే చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఒక అయస్కాంత వేధశాల ఉంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని పగలూ రాత్రీ నమోదు చేయడం దాని పని. హైదరాబాద్‌లో 1960ల నుంచి నడుస్తున్న వేధశాల చుట్టూ నగరం పెరిగింది. విద్యుత్ తీగలు, వాహనాలు, ఇనుము నిండిన కట్టడాలు కొలతలను చెదరగొట్టసాగాయి. అందుకే పాత నల్లగొండ జిల్లాలోని ఈ నిశ్శబ్దమైన చోటు అవసరమైంది. అక్కడ కొలిచే క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు. అందులో వేల వంతు కంటే చిన్న మార్పును కూడా పట్టుకోవాలి కాబట్టి ఇనుము ఉన్న ప్రతి వస్తువునూ పరికరానికి దూరంగా ఉంచాలి.

ఇప్పుడు చెప్పబోయే సమస్య దీనికి పూర్తిగా ఎదురు. ఒక స్ఫటికం నుంచి ఒలిచిన, ఒక నానోమీటరు మందం కూడా లేని పొర ఉంది. అది అయస్కాంతమా కాదా, అయితే దాని లోపల పరమాణువుల స్పిన్‌లు (ఒక్కో పరమాణువును చిన్న అయస్కాంతంలా చేసే గుణం) ఏ వరుసలో నిలిచాయి అన్నది తెలుసుకోవాలి. ఇక్కడ పరికరం ఎంత దగ్గరైతే అంత మేలు. అలా దగ్గరికి జరుగుతూ పోతే చివరికి పరికరం స్ఫటికం లోపలే ఉండాలన్న ఆలోచన వస్తుంది. స్ఫటికంలో సహజంగా ఉండే ఒక లోపం, అంటే ఒక పరమాణువు లేని ఖాళీ గానీ చోటు తప్పిన పరమాణువు గానీ, కాంతిని వెలువరించేదైతే, ఆ కాంతినే కొలతగా వాడుకోవచ్చు. ఈ పద్ధతి బలమంతా ఆ లోపం ఉన్న స్థానంలోనే ఉందని నా అభిప్రాయం. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. రెండూ ఎలాగో వివరించడానికే ఈ వ్యాసం.

పలుచని అయస్కాంతంతో వచ్చే ఇబ్బంది

2004లో గ్రాఫైట్ నుంచి ఒక్క పరమాణువు మందం గల గ్రాఫీన్‌ను వేరు చేసిన తరువాత పొరల పదార్థాల మీద ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది. ఆ పనికి గీమ్, నొవోసెలోవ్‌లకు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఒకే పొర మందంలో అయస్కాంతత్వం నిలుస్తుందా అన్న అనుమానం చాలా కాలం తీరలేదు. దానికి బలమైన కారణం ఉంది. స్పిన్‌లకు ఏ దిశా ప్రత్యేకం కాని రెండు పరిమాణాల వ్యవస్థలో, పరమ శూన్య ఉష్ణోగ్రత (సున్నా కెల్విన్‌లు, అంటే సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) కంటే ఏ కొంచెం వేడి ఉన్నా, దీర్ఘదూరం సాగే అయస్కాంత క్రమం నిలవదని 1966లో మెర్మిన్, వాగ్నర్ గణితపరంగా నిరూపించారు. అయితే స్ఫటికం నిర్మాణమే ఒక దిశకు మొగ్గు చూపితే ఈ నియమం వర్తించదు. క్రోమియం అయొడైడ్‌లో సరిగ్గా అదే జరిగింది. దాని ఒంటి పొర 45 కెల్విన్‌ల వరకు అయస్కాంతంగా ఉంటుందని 2017లో తేలింది. అదే ఏడాది క్రోమియం, జెర్మేనియం, టెల్లూరియం కలిసిన మరో పొరల పదార్థంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

అయస్కాంతత్వం ఉందని తేలడం ఒక ఎత్తు. దాన్ని కొలవడం మరో ఎత్తు. చిన్న లెక్క వేసి చూద్దాం. ఈ వ్యాసానికి ముఖ్యమైన పదార్థం క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్. దాని ఒక పొరలో ప్రతి చదరపు నానోమీటరుకు దాదాపు 12 క్రోమియం పరమాణువులు ఉంటాయి. పొడవు, వెడల్పు పదేసి మైక్రోమీటర్లు ఉన్న ముక్కను తీసుకుంటే అందులో సుమారు 120 కోట్ల క్రోమియం పరమాణువులు. ఒక్కొక్కదాని అయస్కాంత భ్రామకం సుమారు 3 బోర్ మాగ్నెటాన్‌లు (పరమాణువుల అయస్కాంత భ్రామకానికి కొలమానం). అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నా మొత్తం భ్రామకం, ప్రయోగశాలల్లో సాధారణంగా వాడే, అతివాహకంతో పనిచేసే స్క్విడ్ మాగ్నెటోమీటరు పట్టగల కనీస హద్దు కంటే కొన్ని వందల రెట్లు తక్కువ. 120 కోట్లు అనగానే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది గానీ, మిల్లీగ్రాముల్లో ఉన్న నమూనాలకు అలవాటుపడిన యంత్రానికి అది లేనట్టే.

ఇంకో చిక్కు దీనికంటే లోతైనది. పాఠ్యపుస్తకాల్లో దండాయస్కాంతం చుట్టూ బలరేఖలు గీస్తాం కాబట్టి, అయస్కాంతం ఉంటే దాని పక్కన క్షేత్రం తప్పక ఉంటుందని విద్యార్థులు అనుకుంటారు. ఎడతెగకుండా విస్తరించిన, అంతటా ఒకే విధంగా అయస్కాంతీకరణ చెందిన పలుచని పొర బయట క్షేత్రం సున్నా. అంచుల దగ్గరా, ఒక దిశలో ఉన్న ప్రాంతం మరో దిశలో ఉన్న ప్రాంతాన్ని కలిసే సరిహద్దుల దగ్గరా మాత్రమే బయటికి ఏదైనా కనిపిస్తుంది. పొరలు రెండై, ఒకటి కుడికీ మరొకటి ఎడమకీ తిరిగి ఉంటే ఆ మిగిలినది కూడా చాలావరకు రద్దవుతుంది. ఇలాంటి పదార్థాలను ప్రతిఫెర్రో అయస్కాంతాలు అంటారు. వీటిని ముందుగా ఊహించి, సిద్ధాంతం నిర్మించిన లూయీ నీల్‌కు 1970లో నోబెల్ బహుమతి దక్కింది. లోపల స్పిన్‌లు గట్టి క్రమశిక్షణతో నిలిచి ఉంటాయి, బయట నిలబడి చూసే పరికరానికి మాత్రం దాదాపు ఏమీ అందదు. బయటి నుంచి కొలిచే ఏ పద్ధతికైనా ఈ హద్దు ఉంది. పరికరాన్ని మెరుగుపరచినంత మాత్రాన ఇది తొలగిపోదు.

కెంపు నేర్పిన పాఠం

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్‌లకు రెండు శక్తి పట్టీలు ఉంటాయి. కింద వేలెన్సీ పట్టీ, పైన వాహక పట్టీ, మధ్యలో ఎలక్ట్రాన్ ఉండరాని అంతరం. స్ఫటికం పరిపూర్ణంగా ఉంటే ఆ అంతరం ఖాళీగానే ఉంటుంది. ఒక పరమాణువు లోపించినా, వేరే పరమాణువు వచ్చి చేరినా, ఆ చోట మాత్రం అంతరంలో కొత్త శక్తి స్థాయిలు పుడతాయి. లేజరు కాంతితో ఎలక్ట్రాన్‌ను పైకి లేపితే, తిరిగి కిందికి దిగే దారిలో అది ఈ స్థాయిల దగ్గర ఆగి, తనదైన రంగులో ఫోటాన్‌ను విడుస్తుంది. ఆ రంగు చుట్టూ ఉన్న పరమాణువుల అమరికను బట్టి నిర్ణయమవుతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ కెంపు. అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికానికి స్వతహాగా రంగు లేదు. కొన్ని అల్యూమినియం పరమాణువుల స్థానంలో క్రోమియం చేరడం వల్లనే దానికి ఎరుపు వచ్చింది. ఆకుపచ్చ కాంతి పడితే కెంపులోని క్రోమియం అయాను 694.3, 692.9 నానోమీటర్ల దగ్గర రెండు సన్నని ఎర్ర రేఖలను వెలువరిస్తుంది. 1960లో మైమన్ తయారుచేసిన మొట్టమొదటి లేజరు పనిచేసింది ఈ కాంతితోనే.

మనకు కావలసిన విషయం ఆ రేఖల స్థానంలో ఉంది. స్ఫటికాన్ని నొక్కితే క్రోమియం చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు దగ్గరవుతాయి, రేఖ ఎరుపు వైపు జరుగుతుంది. ఒక గిగాపాస్కల్ పీడనానికి, అంటే సుమారు పది వేల వాతావరణ పీడనాలకు, 0.365 నానోమీటర్ల జరుగుదల. రెండు వజ్రాల మొనల మధ్య పదార్థాన్ని నలిపే ప్రయోగాల్లో పీడనం ఎంతో తెలుసుకోవడానికి ఒక చిన్న కెంపు రవ్వను లోపల ఉంచి, దాని కాంతిని చదవడం దశాబ్దాలుగా ఉన్న ఆనవాయితీ. వేడి పెరిగినా అదే రేఖ అదే వైపు జరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.007 నానోమీటర్లు. అంటే 50 డిగ్రీల వేడిమి మార్పును గమనించకపోతే అది ఒక గిగాపాస్కల్ పీడనంలా కనిపిస్తుంది. రేఖ జరగడం వాస్తవమే, దానికి మనం చెప్పే కారణం మాత్రం తప్పు కావచ్చు. లోపం కాంతితో చేసే కొలతలన్నిటిలోనూ ఈ ప్రమాదం ఉంది. దీని దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

వజ్రం, దాని నైట్రోజన్

పాలమూరు ప్రాంతం వారికి వజ్రం ముచ్చట కొత్త కాదు. నారాయణపేట, మద్దూరు, కోటకొండ చుట్టుపక్కల వంద కోట్ల ఏళ్లకు పైబడిన కింబర్లైట్ శిలలు ఉన్నాయి. లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే శిలలు ఈ జాతివే, అయినా ఇక్కడ చెప్పుకోదగ్గంతగా వజ్రాలు దొరకలేదు. పాత నల్లగొండ జిల్లా సరిహద్దులో కృష్ణ దాటితే అవతలి గట్టున కొల్లూరు గనులు ఉండేవి. అక్కడిదని చెప్పే హోప్ వజ్రం నీలంగా ఉండడానికి కారణం అందులోని బోరాన్. అతినీలలోహిత కాంతి చూపి దీపం ఆర్పితే ఆ నీలి వజ్రం కొన్ని క్షణాల పాటు ఎర్రగా వెలుగుతుంది. రంగు అయినా వెలుగు అయినా స్ఫటికంలో చేరిన పరాయి పరమాణువుల చలవే.

అయస్కాంత కొలతలకు పనికివచ్చిన వజ్రపు లోపం వేరొకటి. ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్, దాని పక్కనే ఒక ఖాళీ. దీన్ని ఎన్‌వీ (నైట్రోజన్-వేకెన్సీ, అంటే నైట్రోజన్-ఖాళీ) కేంద్రం అంటారు. ఆకుపచ్చ లేజరు వేస్తే ఇది ఎర్రని కాంతినిస్తుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోతరంగాలను తాకిస్తే ఆ కాంతి తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రంలో ఉంచితే ఆ తగ్గుదల ఒక్క పౌనఃపున్యం దగ్గర కాకుండా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒక్కొక్కటి మైక్రోటెస్లాకు 28 కిలోహెర్ట్జ్ చొప్పున పక్కకు జరుగుతుంది. చౌటుప్పల్‌లో కొలిచే భూక్షేత్రం కేంద్రపు అక్షం వెంట పడితే ఈ జరుగుదల 1.2 మెగాహెర్ట్జ్ వస్తుంది. ఒక్క ఎన్‌వీ కేంద్రాన్ని విడిగా చూడడం 1997లో సాధ్యమైంది. 2019లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ పరిశోధకులు ఒక్క ఎన్‌వీ కేంద్రం ఉన్న వజ్రపు మొనను క్రోమియం అయొడైడ్ పొరల మీదుగా నడిపి, వాటి అయస్కాంతీకరణను పటంగా గీశారు.

అది అందమైన ప్రయోగం. కానీ అక్కడ కూడా పరికరం బయటే ఉంది. మొనకూ పొరకూ మధ్య పదుల నానోమీటర్ల ఎడం ఉంటుంది. అందే క్షేత్రం మిల్లీటెస్లాకు లోపే. ఎడం ఎంత ఉంటే పటంలో స్పష్టత అంత తగ్గుతుంది. ఈ ఎడాన్ని తగ్గించడానికి మరో దారి హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్. ఇది కూడా పొరల పదార్థమే కాబట్టి అయస్కాంత పొర మీద నేరుగా పరచవచ్చు. ఇందులో ఒక బోరాన్ లోపించిన చోట ఉండే స్పిన్‌ను కాంతితో చదవవచ్చని 2020లో తేలింది. దాని మైక్రోతరంగ పౌనఃపున్యం 3.48 గిగాహెర్ట్జ్, కాంతి 800 నానోమీటర్లకు పైన. ఎడం కొన్ని నానోమీటర్లకు తగ్గింది. అయినా ఇంతకుముందు చెప్పిన హద్దు అలాగే ఉంది: పొర నుంచి బయటికి చిమ్మే క్షేత్రం ఉంటేనే ఇవి చెప్పగలవు.

క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్

ఈ పదార్థం అయస్కాంత గుణాలు 1990లోనే ప్రచురితమయ్యాయి. తరువాత మూడు దశాబ్దాలు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. పొరల అయస్కాంతాల వెతుకులాట మొదలయ్యాక దీని విలువ తెలిసింది. క్రోమియం అయొడైడ్ గాలి తగిలితే నిమిషాల్లో పాడవుతుంది. ఇది గాలిలో నిలుస్తుంది. దాని పైన ఇది మంచి అర్ధవాహకం, కాంతిని బాగా వెలువరిస్తుంది. అయస్కాంతత్వం, కాంతి రెండూ ఒకే పదార్థంలో ఇంత చక్కగా కలిసి రావడం అరుదు.

దాని ప్రతి పొరా సుమారు 0.8 నానోమీటర్ల మందం. మధ్యలో క్రోమియం, గంధకం, పైనా కిందా బ్రోమిన్. ఒక పొరలో స్పిన్‌లన్నీ ఒకే దిశలో, స్ఫటిక శాస్త్రంలో బి అక్షం అనే దిశ వెంట నిలుస్తాయి. దాని పై పొర స్పిన్‌లు వ్యతిరేక దిశలో నిలుస్తాయి. ఈ క్రమం 132 కెల్విన్‌ల దగ్గర, అంటే సున్నాకు కింద 141 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. దాన్ని నీల్ ఉష్ణోగ్రత అంటారు. బయటి నుంచి బి అక్షం వెంట టెస్లాలో కొంత భాగం క్షేత్రం వేస్తే చాలు, ఎదురు తిరిగిన పొరలు కూడా దారికి వస్తాయి. పొరలకు నిలువుగా వేస్తే మాత్రం సుమారు 2 టెస్లాలు కావాలి. దిశ మారితే గుణం మారడం ఈ స్ఫటికంలో అడుగడుగునా కనిపిస్తుంది. అది వెలువరించే కాంతి కూడా బి అక్షం వెంటే ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని కంపనం ఆ ఒక్క దిశలోనే ఉంటుంది.

లోపం లేని చోట ఈ పదార్థం ఇచ్చే కాంతి ఎక్సైటాన్‌ల నుంచి వస్తుంది. పైకి లేచిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని జంటగా తిరిగితే ఎక్సైటాన్ అంటారు. ఇక్కడ దాని శక్తి సుమారు 1.36 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయిలో శక్తికి కొలమానం), తరంగదైర్ఘ్యం 910 నానోమీటర్ల ప్రాంతం, కంటికి కనిపించని పరారుణం. పక్కపక్క పొరలు ఎదురెదురుగా ఉంటే ఎలక్ట్రాన్ ఒక పొర నుంచి మరో పొరకు దాటలేదు, ఎందుకంటే అవతల దాని స్పిన్‌కు సరిపడే స్థాయి ఆ శక్తి దగ్గర లేదు. క్షేత్రం వేసి అన్ని పొరలనూ ఒకే వైపు తిప్పితే దారి తెరుచుకుంటుంది, ఎలక్ట్రాన్ రెండు పొరలకూ విస్తరిస్తుంది, కాంతి శక్తి తగ్గుతుంది. 2021లో ప్రచురితమైన ఈ ఫలితంతో, బయటికి దాదాపు క్షేత్రమే చిమ్మని ప్రతిఫెర్రో క్రమాన్ని కాంతి రంగులో చదవవచ్చని తేలింది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న మెట్టు ఇదే.

ఎక్సైటాన్ తిరుగుతుంది కాబట్టి అది చెప్పేది విశాలమైన ప్రాంతపు సగటు. లోపం కదలదు. 2023లో జూలియన్ క్లైన్, ఆయన సహ పరిశోధకులు ఇదే స్ఫటికంలోని లోపాల నుంచి వచ్చే కాంతిని గుర్తించారు. వారు చూసిన రేఖల వెడల్పు సుమారు ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు. తరంగదైర్ఘ్యంలో చెప్పాలంటే ఒక నానోమీటరు కంటే తక్కువ. రేఖ ఇంత సన్నగా ఉండబట్టే దానిలో చిన్న మార్పు కూడా కంటపడుతుంది. ఆ కాంతి స్ఫటికం మొత్తపు అయస్కాంత క్రమంతోనూ, ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కనిపించే మరో మార్పుతోనూ ముడిపడి ఉందని వారు చూపారు.

లోపానికి అయస్కాంతత్వం ఎలా తెలుస్తుంది? ఇక్కడ వజ్రపు కేంద్రానికీ దీనికీ మౌలికమైన తేడా ఉంది. వజ్రపు కేంద్రం అయస్కాంత క్షేత్రాన్ని చదువుతుంది. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్‌లోని లోపం వినిమయ చర్యను చదువుతుంది. పక్కపక్కన ఉన్న రెండు పరమాణువుల ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినప్పుడు, వాటి స్పిన్‌లు ఒకే వైపు ఉన్నాయా ఎదురెదురుగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి శక్తి మారుతుంది. అదే వినిమయ చర్య. అయస్కాంతాలను అయస్కాంతాలుగా నిలబెట్టేది కూడా ఇదే. నారాయణపేట మగ్గం మీద పడుగులో ఒక పోగు తెగితే, తెగిన కొస ఎంత వెనక్కి ముడుచుకుందో చూస్తే ఆ పడుగు ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. మిగతా పోగులు బిగువును మోస్తూనే ఉన్నా పైకి చెప్పవు. లోపం దగ్గర చిక్కుకున్న ఎలక్ట్రాన్ కూడా తన చుట్టూ ఉన్న క్రోమియం స్పిన్‌ల ఒత్తిడిని తన శక్తిలో, అంటే తను విడిచే కాంతి రంగులో, బయటపెడుతుంది.

పరిమాణాలు చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ స్పిన్ విషయంలో, ఒక టెస్లా క్షేత్రం కలిగించే శక్తి తేడా 0.116 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు వెడల్పున్న రేఖను దాని వెడల్పంత జరపాలంటే సుమారు 8.6 టెస్లాల క్షేత్రం కావాలి. పొర అంచుల నుంచి చిమ్మే మిల్లీటెస్లా క్షేత్రాలు ఈ రేఖను కదిలించనైనా కదిలించలేవు. వినిమయ చర్య శక్తి మాత్రం మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులలోనే ఉంటుంది కాబట్టి దాని ముద్ర కనిపిస్తుంది. అందువల్ల ఈ లోపం వజ్రపు కేంద్రానికి పోటీ కాదు. క్షేత్రాన్ని కొలవడంలో వజ్రం ఎన్నో రెట్లు మెరుగు. క్షేత్రమే బయటికి రాని చోట లోపం పనికివస్తుంది.

కాంతిని ఎంతవరకు నమ్మాలి

కెంపు విషయంలో వేడి, పీడనం ఒకే తీరుగా కనిపించాయి. ఇక్కడ కూడా లోపం కాంతి మారినంత మాత్రాన అయస్కాంతత్వమే కారణమని అనుకోకూడదు. స్ఫటికం చల్లబడితే కుంచించుకుపోతుంది, పరమాణువుల కంపనం తగ్గుతుంది, అయస్కాంతం కాని అర్ధవాహకాల్లో కూడా ఈ కారణాలకే కాంతి శక్తి మారుతుంది. అయితే ఆ మార్పు నునుపుగా సాగుతుంది. 132 కెల్విన్‌ల దగ్గర మలుపు తిరిగితే అప్పుడు అయస్కాంత క్రమాన్ని అనుమానించాలి. అంతకంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది: ఉష్ణోగ్రతను కదలకుండా ఉంచి బయటి క్షేత్రాన్ని మాత్రమే మార్చడం, ఆపై క్షేత్రపు దిశను మార్చడం. పొరలు తిరగబడవలసిన క్షేత్రం దగ్గరే, ఆ దిశలోనే కాంతి మారితే వేడి మీదికి నెపం నెట్టడానికి వీలుండదు.

ఇంత చేసినా తేలని విషయాలు ఉన్నాయి. దాదాపు 40 కెల్విన్‌ల దగ్గర ఈ పదార్థంలో మరో మార్పు కనిపిస్తుందని పలు కొలతలు చెప్పాయి. స్ఫటికంలోని అయస్కాంత లోపాలు తమలో తాము ఒక క్రమంలోకి రావడమే దీనికి కారణమని 2022లో ఒక వివరణ వచ్చింది. అదే ఏడాది మ్యూయాన్‌లతో (ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికంటే బరువైన కణాలతో) చేసిన మరో అధ్యయనం, స్పిన్‌ల కదలిక క్రమంగా మందగించి చివరికి బిగుసుకుపోవడమే ఆ మార్పు అని వాదించింది. క్లైన్ బృందం చూసిన కాంతి మొదటి వివరణ వైపు మొగ్గుతుంది. కానీ ఆ కాంతి పుట్టేది లోపాల దగ్గరే కాబట్టి, లోపాలు తమ గురించే చెప్పుకుంటున్నాయా, స్ఫటికం గురించి చెబుతున్నాయా అని అడగక తప్పదు. లోపం ఉన్న చోట స్ఫటికం ఎంతో కొంత చెదిరి ఉంటుంది. అక్కడి స్పిన్‌ల అమరిక మిగతా చోట్ల ఉన్నట్టే ఉంటుందని ముందే నిర్ణయించుకోలేం.

మరొక మాట. ఈ కొలతలను పరమాణు స్థాయి కొలతలని వర్ణించడం రివాజు. లోపం అనుభవించే పరిసరం పరమాణు స్థాయిదే, అందులో సందేహం లేదు. అది స్ఫటికంలో ఎక్కడ ఉందో మాత్రం సాధారణ సూక్ష్మదర్శిని ఒక మైక్రోమీటరుకు అటూ ఇటూగానే చెబుతుంది, ఎందుకంటే పరారుణ కాంతిని అంతకంటే చాలా చిన్న బిందువుగా కేంద్రీకరించడానికి కాంతి తరంగ స్వభావమే ఒప్పుకోదు. ఆ బిందువులో ఎన్నో లోపాలు ఉండవచ్చు. రేఖలు వేర్వేరు రంగుల్లో, సన్నగా ఉంటేనే ఒకదాన్ని మరొకదాని నుంచి విడదీయగలం. అనుభూతి సూక్ష్మం, చిరునామా స్థూలం. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే వర్ణనలను జాగ్రత్తగా చదవాలి.

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో భౌతిక శాస్త్రం చదివే విద్యార్థులకు ఈ రంగం అందనంత దూరంలో ఉందని నేను అనుకోను. 132 కెల్విన్‌ల దగ్గర వచ్చే మార్పును చూడడానికి 77 కెల్విన్‌ల ద్రవ నైట్రోజన్ సరిపోతుంది. 40 కెల్విన్‌ల వివాదంలోకి దిగాలంటే ద్రవ హీలియం గానీ, హీలియంతో నడిచే శీతల యంత్రం గానీ ఉండాలి, అది ఖర్చుతో కూడిన పని. లోపం కాంతిని చదవడం నేర్చుకోవడానికి ఇవేవీ అవసరం లేదు. చవకగా దొరికే కృత్రిమ కెంపు, ఆకుపచ్చ లేజరు, ఒక మాదిరి వర్ణపటమాపకం ఉంటే చాలు. లేజరు నుంచి కళ్లను కాపాడుకుంటూ కెంపును ద్రవ నైట్రోజన్‌లో ముంచి చూస్తే 694.3 నానోమీటర్ల రేఖ దాదాపు 0.9 నానోమీటర్లు నీలం వైపు జరగడమూ, సన్నబడడమూ కనిపిస్తాయి. కొలతను కారణాలుగా విడదీయడం అనే అసలు విద్య అక్కడే అలవడుతుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో క్వాంటం సంవేదన, కొలతల కేంద్రం ఐఐటీ బొంబాయిలో ఉంది. ఆ డబ్బులో కొంతైనా జిల్లా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను. కాంతి, అల్ప ఉష్ణోగ్రతల పని చేత్తో చేసి నేర్చుకున్న విద్యార్థులు లేకుండా ఈ రంగం నిలబడదు.

ఇక ముందు జరగవలసిన పని విషయానికి వస్తే, ఎలక్ట్రాన్ పుంజంతో క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్‌లోని క్రోమియం పరమాణువులను వాటి స్థానాల నుంచి పొరల మధ్య ఎడంలోకి కదిలించవచ్చని 2022లోనే చూపారు. అంటే లోపాలను దొరికిన చోట వెతుక్కోవడం మాని, కోరిన చోట పెట్టుకునే రోజు రావచ్చు. అప్పుడు చిరునామా సమస్య చాలావరకు తీరుతుంది. లోపం తన పరిసరాన్ని తానే చెదరగొడుతుందా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఒకే ముక్క మీద రెండు పద్ధతులనూ కలిపి వాడితేనే వస్తుంది. పైనుంచి వజ్రపు మొనతో అంచుల దగ్గరా, సరిహద్దుల దగ్గరా క్షేత్రాన్ని పటంగా గీయాలి. అదే ఉష్ణోగ్రత దగ్గర, అదే బయటి క్షేత్రంలో లోపల ఉన్న లోపాల కాంతిని చదవాలి. పొరలు ఏ క్షేత్రం దగ్గర తిరగబడ్డాయో రెండూ ఒకే మాట చెబితే లోపం స్ఫటికం గురించే చెబుతోందని నమ్మవచ్చు. వాటి మధ్య తేడా వస్తే, ఆ తేడా ఎంతో అదే లోపం తన చుట్టూ కలిగించిన చెదురుకు కొలత అవుతుంది.